అనుమతి లేని చీటీల గురించి చిట్ రిజిస్ట్రార్ గారికి బహిరంగ లేఖ

బెంగళూరు చిట్ రిజిస్ట్రార్ గారికి నమస్కారములు.

చీటీ మొదలుపెట్టకముందే అనుమతి పొందాలని, చీటీ మొత్తానికి తగ్గని పూచీ చూపాలని, కమిషన్ 7 శాతం దాటకూడదని (2019 సవరణకు ముందు అది 5 శాతమే) 1982 నాటి చిట్ ఫండ్స్ చట్టం చెబుతున్నా, మారతహళ్లిలో మా తెలుగువాళ్ల మధ్య నోటిమాట మీద నడిచే చీటీలకు ఇవేవీ లేవు.

పూచీ లేకపోవడమే అసలు ప్రమాదమని నా అభిప్రాయం. మొదటి నెలల్లోనే పాట పాడి సొమ్ము ఎత్తుకున్న ఇద్దరు ముగ్గురు కంతులు ఎగ్గొడితే, ఆ సంగతి బయటపడిన మర్నాడే అందరూ ఇంటిముందు వాలతారు గనుక, నిర్వాహకుడు పరువు కోసం మరో చీటీ మొదలుపెట్టి, ఆ డబ్బుతో పాత లోటు పూడుస్తాడు. అదీ చాలకపోతే హోసూరు వైపు స్థలాల మీద పెట్టి రెట్టింపు చేద్దామనుకుంటాడు. మోసం చేయాలనే మొదలుపెట్టేవాళ్లు తక్కువేనేమో గానీ, డబ్బు పోయినవాళ్లకు ఆ తేడాతో పనేముంది?

మా వీధి కిరాణా కొట్టులో ఇచ్చే చీటీ పుస్తకంలో పేరు, నెల, కట్టిన సొమ్ము తప్ప అనుమతి సంఖ్య కనిపించదు. అనుమతి ఉన్న చీటీల జాబితాను కన్నడంతోపాటు తెలుగులోనూ వార్డులవారీగా ప్రకటించి, పాట జరిగేచోట ఆ సంఖ్యను అంటించేలా ఆదేశించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
మారతహళ్లికి చెందిన ఒక చిరువ్యాపారి