చేసిన చేతులకు వందనాలు

అందరికీ వందనాలు. గర్భసంచి ఆపరేషన్ అయింది, ఇంటికి వచ్చేశాను, గోడ పట్టుకోకుండా నడుస్తున్నాను. గడ్డల్ని పరీక్షకు పంపారు, క్యాన్సర్ కాదని రిపోర్టు కూడా వచ్చింది. గుంటూరులో మా సంఘం వాళ్ళు, హైదరాబాదులో చెల్లెలు, డల్లాస్‌లో మా పిన్ని పిల్లలు రోజూ ఫోన్లు చేస్తున్నారు. ఒక్కొక్కరికీ మళ్ళీ మొదట్నుంచి చెప్పే ఓపిక ఇంకా రాలేదు గనక అందరికీ కలిపి ఇక్కడే రాస్తున్నాను.

రాయడానికి ఇంకో కారణం కూడా ఉంది. పోయిన ఆదివారం ఆరాధనలో నా గురించి సాక్ష్యం చెప్పారు, రికార్డింగ్ పంపిస్తే విన్నాను. "గ్వాటెమాలాలో ఉన్న మన సహోదరికి దేవుడు అద్భుతరీతిగా రక్తం సమకూర్చాడు" అన్నారు. నేనూ ఆమెన్ అన్నాను. కానీ ఆ సాక్ష్యంలో వెతికినా ఒక్క మనిషి లేడు. ఆటో నడిపినవాడు లేడు, లైన్లో నిలబడినవాళ్ళు లేరు, చెయ్యి చాపి సూది పొడిపించుకున్నవాళ్ళు లేరు. మన సాక్ష్యాల తీరే అంత. మనుషుల ఊసెత్తితే దేవుడి మహిమలో ఎక్కడ వాటా అడిగినట్టవుతుందోనని సంకోచం. నాకు ఆ సంకోచం లేదు. దేవుడే చేశాడు, సరే, ఎవరి చేతులతో చేశాడో చెప్పకపోతే అది సగం సాక్ష్యమే. పేర్లు వద్దని వాళ్ళే అన్నారు కాబట్టి పేర్లు రాయను. ఎవరేం చేశారో మాత్రం రాస్తాను.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. నేనుండే ఊరు మధ్య అమెరికాలో గ్వాటెమాలా దేశంలోని సాన్ పెద్రో కార్చా. ఆల్తా వెరాపాజ్ అనే కొండ జిల్లాలో, కోబాన్ పట్నానికి దగ్గర్లో ఉంటుంది. రాజధాని నుంచి కోబాన్‌కు రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు, మలుపుల దారి, బస్సులో ఐదారు గంటలు. ఊళ్ళో ఎక్కువమంది కెక్చి మాయా జనం. ఇంట్లో కెక్చి, బళ్ళో, ఆఫీసుల్లో స్పానిష్. ఏడాదిలో చాలా నెలలు సన్నటి తుంపర పడుతూనే ఉంటుంది, బట్టలు ఆరవు. ఇక్కడొక చిన్న క్రైస్తవ పాఠశాలలో లెక్కలు, ఇంగ్లిషు చెబుతాను. ఊరిని చూసి దూరదేశం అనుకోకండి. రోడ్డెక్కితే అన్నీ బజాజ్ ఆటోలే. ఈ జిల్లా పంట ఏలకులు. 1914 ప్రాంతంలో ఒక జర్మన్ తోటల యజమాని మన దేశం నుంచి తెప్పించి నాటాడు, ఇప్పుడు ఏలకుల ఎగుమతిలో ప్రపంచంలో మొదటి పేరు గ్వాటెమాలాదే. పండించేవాళ్ళు మాత్రం వాటిని వంటలో వాడరు. నేను టీలో వేసి ఇస్తే మా ఇంటావిడ, అంటే నేనుంటున్న ఇంటి యజమానురాలు, ఒక గుక్క తాగి, మందా అని అడిగింది.

తెల్లారకముందే మిల్లు చప్పుడుకు మెలకువ వస్తుంది. ఆడవాళ్ళు సున్నపు నీళ్ళలో ఉడకబెట్టిన మొక్కజొన్నలు బేసిన్లలో పెట్టుకుని పిండి ఆడించుకోవడానికి పోతుంటారు. ఏడున్నరకల్లా బడి. మొదట ప్రార్థన, సోమవారమైతే జెండా వందనం కూడా. ఇక్కడ విద్యా సంవత్సరం జనవరిలో మొదలై అక్టోబరులో అయిపోతుంది, అది అలవాటు కావడానికి నాకు చాన్నాళ్ళు పట్టింది. సున్నా మనవాళ్ళు కనిపెట్టిందని మొదటి ఏడాది కొంచెం గొప్పగా చెప్పబోతే, నాలుగో తరగతి పిల్ల లేచి బోర్డు మీద గవ్వలాంటి బొమ్మ గీసింది. అది మాయా సున్నా. చుక్కకు ఒకటి, గీతకు ఐదు, ఇరవైల లెక్క. బళ్ళలో పిల్లలందరికీ నేర్పుతారు. ఆ రోజు నుంచి సున్నా గురించి ఇరుపక్షాలం గొప్పలు మానేశాం.

మధ్యాహ్నానికి బడి అయిపోతుంది. సాయంత్రం నాలుగింటికి ఏ ఇంటికి వెళ్ళినా కాఫీ, తీపి రొట్టె. వారంలో చాలా రాత్రులు కూడికలు. మైకు సంగతి అడక్కండి, మన పల్లెల్లో చర్చి మైకులే నయం.

ఇక జబ్బు. గర్భసంచిలో గడ్డలు. జూన్‌కి హిమోగ్లోబిన్ ఆరుకు దిగింది. మెట్లెక్కితే గుండె దడ, బోర్డు మీద రాస్తుంటే కళ్ళు తిరగడం. మొదట వెళ్ళినచోట విదేశీయురాలినని ముందే డాలర్లు కట్టమన్నారు, వాళ్ళ గురించి అంతకంటే రాయను. కోబాన్‌లో ఇంకో ఆసుపత్రి డాక్టరమ్మ కూర్చోబెట్టి వివరంగా చెప్పింది. గర్భసంచి తీసెయ్యాలి, మూడు సంచుల రక్తం సిద్ధంగా ఉంటే తప్ప కత్తి పట్టను అంది.

నాది బి నెగటివ్. మన దగ్గర బి గ్రూపు వాళ్ళు వీధికి పదిమంది దొరుకుతారు, నెగటివ్ అంటే మనకే కష్టం. ఇక్కడ మాయా జనంలో దాదాపు అందరిదీ ఓ పాజిటివ్. నెగటివ్ అనేది వాళ్ళలో లేదన్నంత అరుదు. నాకు బి నెగటివ్ గానీ ఓ నెగటివ్ గానీ కావాలి. పైగా ఇక్కడ రక్తం ఎక్కువగా రోగి తాలూకు వాళ్ళే ఇచ్చుకోవాలి. నా తాలూకు వాళ్ళలో దాదాపు అందరూ పదకొండున్నర గంటల తేడాలో, భూమికి అవతలి పక్క ఉన్నారు.

మా బళ్ళో ఆటో నడిపే ఒకతని కూతురు ఐదో తరగతి చదువుతోంది. ఓ రాత్రి నాకు మరీ ఎక్కువైతే, వానలో కార్చా నుంచి కోబాన్‌కు తీసుకెళ్ళింది ఆయనే. తెల్లవార్లూ బయటే ఉన్నాడు. డబ్బు తీసుకోలేదు సరికదా, పొద్దున్నే తిరిగొచ్చేటప్పుడు ఎక్కించుకున్న ప్రతివాళ్ళకూ మా టీచరుకు నెగటివ్ రక్తం కావాలని చెప్పడం మొదలెట్టాడు. ఊళ్ళో కబురు అలా పాకింది. వాట్సాప్ తర్వాత వచ్చింది.

జూన్ 25 ఇక్కడ టీచర్ల దినం. 1944లో అదే రోజు, నియంత ఉబీకోకు వ్యతిరేకంగా రాజధాని వీధుల్లో ఊరేగింపు చేస్తున్న స్త్రీల మీద సైనికులు కాల్పులు జరిపితే మరియా చించియా అనే టీచరమ్మ చనిపోయింది. ఆమె జ్ఞాపకంగా ఆ రోజు పాటిస్తారు. టీచర్లకు సెలవు. మా బళ్ళో టీచర్లందరూ, వాళ్ళతోపాటు తల్లిదండ్రులు బోలెడుమంది, ఆ సెలవు రోజును కోబాన్‌లో రక్తనిధి ముందు గడిపారు. అందరిదీ ఓ పాజిటివ్ అయ్యుంటుందని వాళ్ళకూ తెలుసు. అయినా వచ్చారు. ఆ రక్తం వృథా కాలేదు. వీళ్ళిచ్చిన పాజిటివ్ సంచులకు మారుగా, రాజధానిలో ఒకచోట నిల్వ ఉన్న బి నెగటివ్ సంచి ఒకటి నాకు కేటాయించారు. ఆ ఒక్క సంచి ఎక్కడుందో పట్టుకోవడానికి రక్తనిధి టెక్నీషియన్ తన డ్యూటీ అయ్యాక కూడా కూర్చుని, తెలిసిన ప్రతిచోటికీ ఫోన్ చేశాడట. అతని ముఖం కూడా నేను సరిగ్గా చూడలేదు.

ఆ లైన్లోంచి చాలామంది ఆడవాళ్ళను వెనక్కి పంపేశారు. రక్తం ఇవ్వాలంటే నూటపది పౌన్ల బరువుండాలి, అంటే యాభై కిలోలు. కెక్చి ఆడవాళ్ళు చిన్న మనుషులు, చాలామంది తూగలేదు. అందులో మూడో తరగతి పిల్లవాడి నాయనమ్మ ఒకావిడ. బరువుకు చాలవు, వయసుకు దాటిపోయావు అన్నా ఇంటికి పోలేదు. తెచ్చుకున్న తమాలెలు (ఆకులో చుట్టి ఉడికించే మొక్కజొన్న పిండి ముద్దలు), రక్తమిచ్చి బయటికి వచ్చినవాళ్ళందరికీ ఆకు విప్పి చేతిలో పెడుతూ సాయంత్రం దాకా మెట్ల మీదే కూర్చుంది. నేను చూడలేదు, మా ఇంగ్లిషు సహోపాధ్యాయిని చెప్పింది. ఇది రాస్తుంటే కూడా నాకు గొంతు పట్టేస్తోంది.

రెండో సంచి ఒక కథోలిక సిస్టరుది. స్పెయిన్‌లో బాస్క్ ప్రాంతం ఆవిడది, ఇక్కడికొచ్చి చాలా ఏళ్ళయిందట. ఆ ప్రాంతం వాళ్ళలో నెగటివ్ గ్రూపులు ఎక్కువ. అది గుర్తుండి ఆవిడ దగ్గరకు వెళ్ళి అడిగింది కూడా ఆ టెక్నీషియనే. ఓ నెగటివ్. అడిగిన గంటలో వచ్చి ఇచ్చి వెళ్ళిందట. ఇక్కడ సువార్త సంఘాల వాళ్ళకూ కథోలికులకూ పొత్తు తక్కువ. పవిత్ర వారంలో వాళ్ళు వీధుల్లో రంగుల రంపపు పొట్టుతో తివాచీలు పరిచి స్వరూపాలు ఊరేగిస్తుంటే, మావాళ్ళు ఊరు విడిచి క్యాంపులకు పోతారు. మనదగ్గర లూథరన్లు, ఆర్‌సీఎం వాళ్ళు ఒకే వీధిలో ఉంటూ పెళ్ళికి మాత్రమే ఒకరి గుడికి ఒకరు పోయినట్టు. ఆవిడకు ధన్యవాదాలు చెప్పడానికి మా పాస్టరుగారే నన్ను వెంటబెట్టుకుని వెళ్ళారు. కాన్వెంటు గుమ్మం తొక్కడం ఆయనకు అదే మొదటిసారి అనుకుంటా. చాలాసేపు ఇద్దరూ టమాటా మొక్కలకు పట్టిన తెగులు గురించి మాట్లాడుకున్నారు.

మూడోది ఒడిశా కుర్రాడిది. రాజధానిలో మన రాయబార కార్యాలయం వాళ్ళకు ఫోన్ చేస్తే, అక్కడి భారతీయుల గ్రూపులో కబురు పెట్టారు. అది చూసి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకునే ఆ అబ్బాయి సెలవు పెట్టి బస్సెక్కాడు. నన్నెప్పుడూ చూసింది లేదు, భాష వేరు, మతం వేరు. రక్తమిచ్చి అదే రోజు తిరిగి వెళ్తానంటే మా ఇంటావిడ ఊరుకోలేదు. వచ్చినవాళ్ళకు ఇక్కడ పెట్టే మర్యాద వంట కాక్ఇక్, టర్కీ కోడితో చేసే ఎర్రటి పులుసు. కోడి కోయించింది కూడా. తీరా ఆ రోజు గురువారం, అతను గురువారాలు నీసు ముట్టడు. నల్ల చిక్కుళ్ళు, టోర్టియాలు అనే మొక్కజొన్న రొట్టెలు తిని పడుకున్నాడట. పొద్దున్నే బయల్దేరేటప్పుడు ఆవిడ అతని తలమీద చెయ్యిపెట్టి పావుగంట ప్రార్థన చేస్తే చేతులు కట్టుకుని నిలబడ్డాడట. "ఆంటీ, మా బామ్మ కూడా ఇంతే" అని తర్వాత నాకు మెసేజ్ పెట్టాడు. రాయబార కార్యాలయంలో ఆ కబురు పెట్టిన మేడమ్‌గారికీ నా నమస్కారం. వాళ్ళు ఎల్ సాల్వడార్, హోండురాస్ వ్యవహారాలు కూడా చూసుకోవాలి, అయినా ఆపరేషన్ రోజు రెండుసార్లు ఫోన్ చేశారు.

ఇంటికొచ్చాక నన్ను సాకింది మా ఇంటావిడే. నీళ్ళు పోసింది, జడ వేసింది. నాటుకోడి పులుసు, ఇంకాపరీనా అనే బలం పిండితో జావ, రోజూ మాకూయ్ ఆకుకూర. రక్తం పడుతుందని ఇక్కడ ఆ కూరే పెడతారు. ఆకు చూస్తే మన కామంచే. మా అమ్మమ్మ పెరట్లో దానంతటదే మొలిచేది, నోటిపూతకు తప్ప కోసేవాళ్ళం కాదు. బెంగుళూరు వంకాయ పుట్టిల్లు కూడా ఈ దేశాలే. దానితో నేను చెప్పినట్టు పప్పు వండింది, కోబాన్ ఎండుమిరపకాయ పొగవాసనతో ఆ పప్పు మన రుచి కాలేదు గానీ బాగుంది. నా క్లాసులన్నీ సైన్సు టీచరు చూసుకున్నాడు, పైసా ఎక్కువ రాకుండా.

నేను పుట్టింది గుంటూరు కుగ్లర్ ఆసుపత్రిలో. 1883లో అమెరికా నుంచి వచ్చిన ఆనా కుగ్లర్ డాక్టరమ్మ కట్టిన ఆసుపత్రి. అందుకే మా ఇంట్లో విదేశాల నుంచి వచ్చిన క్రైస్తవురాలంటే పెట్టే చెయ్యి. నేనిక్కడికి బయల్దేరేటప్పుడు సంఘంలో నామీద చేతులుంచి పంపినప్పుడు కూడా, అక్కడి బీదలకు సేవ చేయడానికి వెళ్తోందని చెప్పారు. ఆ "బీదలు" ఎవరో ఇప్పుడు మీకు పైన రాశాను. ఇకమీదట నా కోసం ప్రార్థన చేసేటప్పుడు దయచేసి ఆ మాట వాడకండి. నాకు ఇబ్బందిగా ఉంటోంది.

మీ సాయం తక్కువని కాదు. ఉపవాసం ఉన్నవాళ్ళకు, అర్ధరాత్రి లేచి ఫోన్లో నాతో ఉన్న చెల్లికి, పరీక్షలు పెట్టుకుని కూడా రోజూ పలకరించిన మా అబ్బాయికి, డబ్బు పంపిన ప్రతివాళ్ళకూ నా కృతజ్ఞతలు. లెక్క అడిగారు కాబట్టి చెబుతున్నాను. మందులు, ఆపరేషన్ సామాను, ల్యాబు పరీక్షలు, రక్తమిచ్చినవాళ్ళ ప్రయాణాలు పోను కొంత మిగిలింది. రశీదులన్నీ ఉన్నాయి, సంఘ కోశాధికారి అన్నయ్యకు పంపుతాను. మీరు ఒప్పుకుంటే ఆ మిగిలినదానితో రక్తనిధి బయట కూర్చోవడానికి బెంచీలు చేయిద్దామని ఉంది, పైన రేకు వేయించి. వద్దంటే ఎవరిది వాళ్ళకు తిప్పి పంపుతాను. శనివారం లోపు చెప్పండి.

డాక్టరమ్మ వచ్చే సోమవారం నుంచి బడికి వెళ్ళొచ్చంది, బరువులు ఎత్తకూడదు, అంతే. ఆరో తరగతి వాళ్ళు కార్డుల మీద పూలు గీసి పంపారు, త్వరగా రమ్మని. ఒకడు మాత్రం భిన్నాల పరీక్ష ఇక ఉండదు కదా అని కింద రాశాడు. ఉంటుంది.