ఏ అంటే లాగ్ అనా, లీనియర్ అనా? ప్యాకెట్ మీద రాయండి

ఎడిటర్ గారికి నమస్కారం,

నేను జనగామలో యాంప్లిఫయర్లు, మైక్‌సెట్లు రిపేర్ చేస్తా. బతుకమ్మకి రెండ్రోజుల ముందు ఒక మైక్‌సెట్ వచ్చింది, వాల్యూమ్ కంట్రోల్ అరిగి గరగరమంటోంది, హైదరాబాద్ నుంచి తెప్పించిన ఏ100కే పాట్ (నాబ్ కింద ఉండే తిప్పుడు రెసిస్టర్, 100కే అంటే 100 కిలో ఓమ్స్) వేసి ఇచ్చేశా, ఏ అంటే వాల్యూమ్‌కి వేసే లాగ్ రకం అనుకున్నా. రాత్రికే ఫోన్, అన్నా కొంచెం తిప్పితేనే చెవులు పగిలిపోతున్నాయి, ఆ తర్వాత ఎంత తిప్పినా పెద్ద తేడా లేదు అని. విప్పి మీటర్ పెడితే అది లీనియర్ పాట్, అంటే తిప్పినంత మేరకే సమంగా మారేది!

మన చెవికి సౌండ్ డెసిబెల్స్ లెక్కలో, అంటే ఎన్ని రెట్లు పెరిగిందన్న లెక్కలో వినపడుద్ది. లీనియర్ పాట్ సగానికి తిప్పితే సగం వోల్టేజీ వస్తది, అంటే ఫుల్ కంటే 6 డెసిబెల్స్ మాత్రమే తక్కువ, పావు వంతు దగ్గర కూడా 12 డెసిబెల్సే తక్కువ. అందుకే పెరగాల్సిన సౌండంతా మొదటి పావులోనే పెరిగిపోద్ది. లాగ్ పాట్‌లో సగం దగ్గర 10 నుంచి 15 శాతం వోల్టేజీయే ఉంటది కాబట్టి నాబ్ తిప్పినకొద్దీ సాఫీగా పెరుగుద్ది.

గొడవంతా అక్షరాలతోనే. ఇప్పుడు ఆసియా నుంచి వచ్చే పాట్స్‌లో ఎక్కువగా ఏ అంటే లాగ్, బి అంటే లీనియర్, సి అంటే రివర్స్ లాగ్ (లాగ్‌కి తిరగేసినట్టు, మొదట్లోనే ఎక్కువ పెరిగేది). పాత యూరప్ సరుకులో ఏ అంటే లీనియర్, సి అంటే లాగ్. పాట్స్ తయారుచేసే విషే కంపెనీ లిస్టులో ఇప్పటికీ ఏ లీనియరే, లాగ్‌కి ఎల్, రివర్స్‌కి ఎఫ్. పాత రేడియోలో సి చూసి షాపులో సి అడిగితే చేతికొచ్చేది రివర్స్ లాగ్, అది వాల్యూమ్‌కి వేస్తే లీనియర్ కంటే ఘోరం.

కొత్తగా పని నేర్చుకునే పిల్లలకి చెప్పేదొకటే, అక్షరాన్ని నమ్మొద్దు. షాఫ్ట్ మీ వైపు, కాళ్ళు (పిన్నులు) కిందికి పెట్టి నాబ్ సరిగ్గా సగానికి తిప్పి ఎడమ కాలికీ మధ్య కాలికీ మీటర్‌ని ఓమ్స్‌లో పెట్టి చూడండి. 100కే పాట్‌లో 50కే చూపిస్తే లీనియర్, 10-15కే అయితే లాగ్, 85-90కే అయితే రివర్స్. అర నిమిషం పని, సోల్డరింగ్ పెట్టకముందే చెయ్యాలి, నేను ఆ రోజు చెయ్యలేదు.

అమ్మేవాళ్ళు కూడా ప్యాకెట్ మీద అక్షరం పక్కన లాగ్ అనో లీనియర్ అనో ఒక్క ముక్క రాస్తే చాలు. ఐటీఐల్లో ఈ మీటర్ టెస్ట్ పిల్లల చేత చేయించండి సార్, దయచేసి ఈ మాట మీ పేపర్లో వెయ్యండి.

ఇట్లు
ఒక మైక్‌సెట్ మెకానిక్, జనగామ