వాయించేవాళ్ల చెవులకు రక్షణ, వినేవాళ్ల చెవులకు?

సంపాదకుల వారికి,

మీ ఆదివారం సంచికలో పెద్ద రాక్ కచేరీల మీద వచ్చిన వ్యాసం చదివాను. లైట్ల గురించి రాశారు, తెరల గురించి రాశారు, ప్రేక్షకుల చేతులకు కట్టే మెరిసే పట్టీల గురించి ఒక పేరా మొత్తం రాశారు. శబ్దం దగ్గరికొచ్చేసరికి మాత్రం 'చెవులకు పండగ' అని ఒక్క ముక్కతో తేల్చేశారు. ఈ మధ్యే నేనూ ఆ పండగకు వెళ్లొచ్చాను. మూడు రోజుల పాటు చెవిలో జోరీగ దూరినట్టు ఉంది. అందుకే ఈ ఉత్తరం.

బ్యాండు పేరు చెప్పను. చెబితే అభిమానులు నా మీద పడతారు, పైగా నేనూ వాళ్లలో ఒకణ్ణే. చదువుకునే రోజుల్లో అర్ధరాత్రి దాకా హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విన్న పాటల్ని ఎప్పటికైనా వాళ్ల ఎదుట నిలబడి వినాలని ఇరవై ఏళ్లు కాచుకుని కూర్చున్నవాణ్ణి. మొదటి పాట మొదలై బేస్ గిటార్ ఛాతీలో దడదడలాడినప్పుడు నాకు నిజంగానే కళ్లమ్మట నీళ్లొచ్చాయి. కాబట్టి ఇది రాక్ అంటే గిట్టని మనిషి సణుగుడు అనుకోవద్దు.

స్టేడియంలో మన కంటికి గాయకుడు బొటనవేలంత ఉంటాడు. అందుకని అందరం తెరే చూస్తాం. పాట అందుకోగానే ఫోన్లు లేస్తాయి, అప్పుడు తెర కూడా కనిపించదు, ముందున్నాయన ఫోన్‌లో కనిపిస్తున్న తెరలోని గాయకుణ్ణి చూడాలి. నాకు ప్రాణమైన పాట మొత్తం నేనలాగే చూశాను. ఆయన్ని తిట్టుకుంటూనే నేనూ రెండు పాటలు రికార్డ్ చేశాను, అది వేరే సంగతి. ఇంటికొచ్చి వినబోతే గరగర తప్ప ఏమీ లేదు. పాట ఎక్కడుందో, గోల ఎక్కడుందో తెలియలేదు. ఆ శబ్దానికి ఫోన్‌లోని మైకే చేతులెత్తేసింది. మరి అదే శబ్దాన్ని రెండున్నర గంటలు నా చెవులు మోశాయి కదా అన్న ఆలోచన అప్పుడు గానీ రాలేదు.

లెక్క చూస్తే గుండె జారింది. పని చేసే చోట శబ్దాన్ని కొలిచే నిపుణులు వాడే లెక్క ఒకటుంది. శబ్దం ఎంత గట్టిదో చెప్పే కొలత డెసిబెల్. 85 డెసిబెల్స్ అయితే రోజుకు 8 గంటలు భరించవచ్చు. ఆ పైన ప్రతి 3 డెసిబెల్స్‌కూ సమయం సగమవుతుంది. 88 అయితే 4 గంటలు, 91 అయితే 2 గంటలు, అలా పోతూ పోతూ 100 దగ్గరికొచ్చేసరికి 15 నిమిషాలు. రాక్ కచేరీలో 100 అనేది వింతేమీ కాదు, మొదటి మూడు నాలుగు పాటలకే ఆ రోజుకు మన వాటా అయిపోతుంది. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టుకునే సన్నటి రోమ కణాలు ఒక్కో చెవికి దాదాపు 15 వేలుంటాయి. పోయినవి మళ్లీ మొలవవు. జుట్టు ఊడితే అద్దంలో తెలుస్తుంది, ఇవి ఊడితే తెలిసేది ఎదుటివాళ్లు చెప్పింది రెండుసార్లు అడిగే రోజు వచ్చాకే.

విచిత్రం ఏమిటంటే వేదిక మీదున్న వాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు. తెర మీద దగ్గరగా చూపించినప్పుడు గమనించండి, గాయకుడి దగ్గర నుంచి డ్రమ్స్ వాయించేవాడి దాకా దాదాపు అందరి చెవుల్లోనూ బుల్లి ఇయర్‌పీసులు బిగించి ఉంటాయి. బయటి హోరును చాలావరకు ఆపి, వాళ్లకు కావాల్సింది కావాల్సినంత సౌండ్‌లో వినిపిస్తాయవి. కోల్డ్‌ప్లే బ్యాండు గాయకుడు క్రిస్ మార్టిన్ తనకు చెవుల్లో మోత ఉందనీ, చెవులకు రక్షణ లేకుండా ఉండననీ బాహాటంగా చెప్పాడు. ఏసీ డీసీ బ్యాండు గాయకుడు బ్రయన్ జాన్సన్, వినికిడి పూర్తిగా పోతుందని డాక్టర్లు హెచ్చరిస్తే 2016లో పర్యటన మధ్యలోనే తప్పుకున్నాడు (తన చెవులు పాడైంది కార్ల రేసుల వల్ల అంటాడాయన, సరే). వాళ్ల చెవులకు ఇంత కాపలా పెట్టి, డబ్బు కట్టి వచ్చిన మన చెవుల్ని మాత్రం బార్లా తెరిచి వదిలేశారన్నమాట.

ఒకప్పుడు కథ తలకిందులుగా ఉండేది. 1965లో బీటిల్స్ న్యూయార్క్ షే స్టేడియంలో వాయించినప్పుడు 55 వేలమందికి పైగా వచ్చారు. ఆ కేకల్లో తాము వాయించేది తమకే వినపడలేదని వాళ్లు చెప్పుకున్నారు. అప్పుడు జనం బ్యాండును ముంచేశారు. పదకొండేళ్లు తిరిగేసరికి, 1976లో, ద హూ బ్యాండు లండన్‌లోని ఒక ఫుట్‌బాల్ మైదానంలో 32 మీటర్ల దూరంలో 126 డెసిబెల్స్ మోగించి గిన్నిస్ పుస్తకంలోకెక్కింది. ఆ తర్వాత గిన్నిస్ వాళ్లకే భయమేసి, జనాల చెవులు పోతాయని ఆ రికార్డు పోటీనే ఎత్తేశారు. పోటీ పోయింది గానీ మోత తగ్గించాలన్న ఆలోచన మాత్రం అన్ని చోట్లా రాలేదు.

ఇందులో మన తప్పు లేదా అంటే, ఉంది. నా ముందు వరుసలో ఒక అమ్మాయి నారింజ రంగు ఇయర్ ప్లగ్స్ పెట్టుకుని నిలబడింది. వెనకనుంచి ఎవడో "పాట వినడానికొచ్చి చెవులు మూసుకున్నావేంటి" అని అరిస్తే చుట్టుపక్కలంతా నవ్వారు. నేనూ నవ్వాను, దాచుకోను. ఎండలో నల్ల కళ్లద్దాలు పెట్టుకుంటే స్టైల్ అంటాం, శబ్దానికి చెవులు మూసుకుంటే మాత్రం పిరికితనం. గట్టిగా మోగితేనే అసలైన అభిమానమని మనకెవరు నేర్పారో తెలియదు.

కానీ ఆ రాత్రి నేను మర్చిపోలేనిది ఇంకొకటి. కాస్త పక్కన ఒక తండ్రి నాలుగేళ్ల పిల్లాణ్ణి భుజాల మీద ఎక్కించుకున్నాడు. మంచి తండ్రే, తనకు నచ్చిన పాటలు కొడుక్కి వినిపించాలని తెచ్చుకున్నాడు. పిల్లాడు రెండు అరచేతులతో చెవులు గట్టిగా నొక్కుకుని కూర్చున్నాడు. తండ్రేమో పాటపాటకీ నవ్వుతూ ఆ చేతులు పట్టుకుని కిందికి దించి చప్పట్లు కొట్టించేవాడు. పాట అయిపోగానే ఆ చేతులు మళ్లీ చెవుల మీదికి పోయేవి. మోత ఆపే హెడ్‌ఫోన్ లాంటి చెవి కప్పులు పిల్లాడికి పెట్టమని ఆ తండ్రికి చెప్పినవాళ్లు లేరు. టికెట్ మీద లేదు, గేటు దగ్గర లేదు. గేటు దగ్గర నీళ్ల సీసా మూత దాకా పీకి పరీక్షించారు మరి!

దీనికి మందు లేదా అంటే, ఎప్పుడో రాసి పెట్టారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఇలాంటి వేదికల కోసం ఒక ప్రమాణం ప్రకటించింది. సగటు శబ్దం 100 డెసిబెల్స్ దాటకూడదు, షో జరుగుతున్నంతసేపూ కొలుస్తూ ఉండాలి, ఆ శబ్దమూ ఎక్కువసేపు వింటే ప్రమాదమే కాబట్టి ఇయర్ ప్లగ్స్ అందుబాటులో ఉంచాలి, కాసేపు చెవులకు విశ్రాంతినిచ్చే చోటు ఉండాలి, సిబ్బందికి శిక్షణ ఇవ్వాలి. ఫ్రాన్స్‌లో చట్టమే ఉంది, పరిమితి 102 డెసిబెల్స్, ఆరేళ్లలోపు పిల్లల కోసం పెట్టే కార్యక్రమాలకైతే 94. స్విట్జర్లాండ్‌లో 93 దాటితే నిర్వాహకులు ఇయర్ ప్లగ్స్ ఉచితంగా ఇవ్వాల్సిందే. ఆ దేశాల్లో రాక్ సంగీతమేమీ చచ్చిపోలేదు.

రాక్ అంటేనే గోల కదా, నీకు మెత్తగా కావాలంటే ఇంట్లో కూర్చో అంటారు కొందరు. అయ్యా, 100 డెసిబెల్స్ అంటే జోలపాట కాదు. ఛాతీలో ఆ దడ నాకూ కావాలి, దానికోసమే వెళ్లాను. ఆ మజా పోకుండా చెవులు కాపాడే ఇయర్ ప్లగ్స్ ఉన్నాయి, మామూలు స్పాంజి ముక్కల్లా పాటను దుప్పట్లో చుట్టకుండా అన్ని స్వరాల్నీ సమానంగా తగ్గిస్తాయి. శబ్దం తగ్గించనిది పనితనం లేక కూడా కాదు. స్టేడియంలో వంద మీటర్ల వెనకున్న మనిషికి వేదిక నుంచి శబ్దం చేరడానికి దాదాపు సెకనులో మూడో వంతు పడుతుందని లెక్కగట్టి, మధ్యలో కట్టిన స్పీకర్ల టవర్లలో శబ్దాన్ని వాటి దూరానికి సరిగ్గా తగ్గట్టు ఆలస్యంగా వదిలే ఇంజినీర్లున్నారు. అంత లెక్క తెలిసినవాళ్లకు సౌండ్ నాలుగు డెసిబెల్స్ దించడం రాదా?

అందుకని, అనుమతులిచ్చే అధికారులకు మీ పత్రిక ద్వారా నా విన్నపం ఒక్కటే. మంటలు ఆర్పే ఏర్పాట్లున్నాయా, బయటికి దారులున్నాయా అని అడిగినట్టే, శబ్దం ఎవరు కొలుస్తారు, ఎక్కడ చూపిస్తారు, పిల్లల చెవులకు ఏం ఏర్పాటు చేశారు అని కూడా అడగాలి. స్టేడియం నిండా అన్ని తెరలున్నాయి, ఒక మూల డెసిబెల్ అంకె చూపిస్తే ఏం పోతుంది? మీ విలేకరులు కూడా ఈసారి షో గురించి రాసేటప్పుడు లైట్లతో పాటు ఆ సంగతీ రాయాలి. లేదంటే అధికారులకు మేం రాసే ఉత్తరాలు చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే ఉంటాయి, కొన్నేళ్లకు ఊదేవాళ్లకూ వినపడదు.

షో అయ్యాక బయటి గేటు దగ్గర ఆ ఇయర్ ప్లగ్స్ అమ్మాయి మళ్లీ కనిపించింది. నన్నేదో అడిగింది. "ఆఁ?" అన్నాను. మళ్లీ అడిగింది. మళ్లీ "ఆఁ?" అన్నాను. చివరికి తన ఫోన్ మీద టైప్ చేసి చూపించింది, రైల్వే స్టేషన్‌కు ఎటు వెళ్లాలని. చేత్తో దారి చూపించాను.

ఇట్లు,
మీ పాఠకుడు