విషయం: నా ఫిర్యాదును నాకు తెలియకుండానే నాలుగుసార్లు పరిష్కరించిన సందర్భంగా

కస్టమర్ కేర్ అధికారి గారికి (ఆ కుర్చీలో నిజంగా ఎవరైనా ఉంటే),

అయ్యా / అమ్మా,

కడప నుంచి రాస్తున్నాను. మీ కంప్యూటర్లో కడప లేదు. జిల్లా పేరు ఎంచుకోమంటే ఇంకా బ్రిటిష్ కాలం నాటి ‘కడ్డపా’ స్పెల్లింగే వస్తుంది. అది 2005లోనే మారింది. ఇన్నేళ్లుగా మా ఊరి పేరే దిద్దుకోని వాళ్లు నా సైకిలు సంగతి ఆరు వారాల్లో తేలుస్తారనుకోవడం నా తప్పేనేమో.

నేను అడిగింది చాలా చిన్న మాట: గీత పడిన ఫ్రేముకు వారంటీ కింద కొత్తది ఇస్తారా, ఇవ్వరా అని. మీ మౌంటెన్ బైకు 2020లో మీ వెబ్‌సైటులోనే కొన్నాను. ఈ మధ్య వెనక రిమ్ము వంకర పోయింది. అది మీ తప్పు అనడం లేదు. ఎర్రగుంట్ల వైపు నాపరాళ్ల గనుల దారిలో తొక్కితే ఏ రిమ్మయినా అంతే. కొత్త చక్రాలకని ముప్పై వేలు పక్కన పెట్టుకున్నాను. మా ఆదివారం బ్యాచ్‌లో అందరిదీ ఒకటే మాట: డబ్బులుంటే ముందు చక్రాల మీద పెట్టు, తిరిగే చోట బరువు తగ్గితే ఎత్తు ఎక్కేటప్పుడు కాళ్లకు తెలుస్తుంది, ట్యూబ్‌లెస్ చేసుకుంటే పల్లేరుకాయల పీడా తగ్గుతుంది అని. సరేనని మిస్త్రీ దగ్గరికి తీసుకుపోయాను.

ఆయన చక్రం విప్పి, కిరసనాయిలు గుడ్డతో ఫ్రేము తుడుస్తూ ఒక చోట ఆగిపోయాడు. వెనక ఇరుసు దగ్గరికి పోయే గొట్టం మీద, వెల్డింగు అతుకు పక్కనే, వెంట్రుకంత నల్లటి గీత. గోరుతో గీకి చూశాడు. గోరు గీతలో తగులుకుంది. “ఇది రంగు పగులు మాదిరి లేదు సార్. దీంతో కొండ దారి పట్టొద్దు” అన్నాడు. వెల్డింగు పెట్టిస్తే పోదా అని అడిగాను. అల్యూమినియానికి అతుకేసి వదిలేస్తే ఆ చుట్టుపక్కల బలం పోతుందని, కంపెనీనే అడగమని చెప్పాడు. అడిగాను. అక్కడ మొదలైంది నా తీర్థయాత్ర.

మొదటి ఫోనుకు ఒక అబ్బాయి ఎత్తాడు. పది నిమిషాలు ఓపిగ్గా విన్నాడు. నాకు సంతోషమేసింది. అంతా విని, “సార్, మీ బైక్ ఇంజన్ నంబర్ చెప్పండి” అన్నాడు. ఇది సైకిలు నాయనా, దీనికి ఇంజన్ నేనే అన్నాను. నవ్వలేదు. ఇంజన్ నంబర్ లేకపోతే కంప్లైంట్ ఎక్కదన్నాడు. చివరికి నా ఫోన్ నంబరే ఇంజన్ నంబరని రాసుకున్నట్టున్నాడు, ఎందుకంటే ఆ తర్వాత ఎవరు ఫోన్ చేసినా “మీ ఇంజన్ సమస్య గురించి” అనే మొదలుపెడుతున్నారు.

రెండోసారి ఒకమ్మాయి. “మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం సార్” అని పదకొండు సార్లు చింతించింది, లెక్కపెట్టాను. ఏడో తరగతి పిల్లలకు లెక్కలు చెప్పేవాణ్ణి, ఆ అలవాటు పోదు. పై టీమ్‌కు పంపాం, 48 గంటల్లో ఫోన్ వస్తుందంది. ఆ 48 గంటలు ఇప్పటికీ అయిపోలేదు. పై టీమ్ ఎంత పైన ఉందో మరి, పాలకొండల కన్నా ఎత్తులో ఉందేమో.

తర్వాత ఫొటోలు అడిగారు. పంపాను. స్పష్టంగా లేవన్నారు. ఎండలో తీయమన్నారు. మే నెలలో, మధ్యాహ్నం పన్నెండుకు, మిద్దె మీద సైకిలు తలకిందులుగా నిలబెట్టి, మా వాడు గీత పక్కన స్కేలు పట్టుకుంటే, నేను చెప్పులు లేకుండా ఎక్కిన పాపానికి ఒక కాలు మార్చి ఒక కాలు ఎత్తుతూ పద్నాలుగు ఫొటోలు తీశాను. పంపిన మర్నాడు పొద్దున అయిదున్నరకు మెసేజ్: “మీ సమస్య పరిష్కరించబడింది. మా సేవకు ఎన్ని స్టార్లు ఇస్తారు?” ఎవరు పరిష్కరించారు? ఎప్పుడు? లేచిపోయి వరండాలో సైకిలు చూశాను. ఆశ చావదు కదా. గీత అక్కడే ఉంది.

మళ్లీ తెరిపించాను. మళ్లీ మూశారు. మూడోసారి మూసినప్పుడు రాసిన కారణం మాత్రం జన్మలో మరిచిపోను: “టెక్నీషియన్ వచ్చాడు, ఇంటికి తాళం వేసి ఉంది.” ఆ రోజు మా పాప ఓణీల ఫంక్షన్. వీధికి అడ్డంగా షామియానా, ఇంట్లో అరవై మంది చుట్టాలు, వాకిట్లో వంటవాళ్లు. ఆ టెక్నీషియన్ నిజంగా వచ్చి ఉంటే కనీసం ఆకేసి అన్నం పెట్టేవాళ్లం. నాలుగోసారి కారణం కూడా రాయలేదు, మూసేశారంతే. ఊళ్లో మీ డీలరును అడుగుదామంటే బోర్డు పీకేసి నెలయింది. ఆ సంగతి మీకే నేను చెప్పాల్సి వచ్చింది.

మీకు అర్థం కానిది ఒకటే. గీత పడిందని నాకు కోపం లేదు. ఇనుమే విరుగుతుంది, అల్యూమినియం ఎంత. మీ మాట రాకపోతే నా చేతులు కట్టేసినట్టే అవుతుందని కోపం. ఫ్రేముకు జీవితకాలం వారంటీ అని మీరే రాసిచ్చారు (ఎవరి జీవితకాలమో రాయలేదు, నాదో మీ కస్టమర్ కేర్‌దో). మీరు ఫ్రేము ఇస్తే నా ముప్పై వేలు చక్రాలకు పోతాయి. ఇవ్వం అంటే అదే డబ్బుతో నేనే ఫ్రేము కొనుక్కుని, వంకర రిమ్ముతో ఇంకో ఏడాది నెట్టుకొస్తాను. పోనీ చక్రాలైనా ముందు కొందామా అంటే అదీ కుదరదు. నా పాత ఫ్రేములో వెనక చక్రం కూర్చునే సందు 135 మిల్లీమీటర్లు. ఇప్పుడు వచ్చే ఫ్రేముల్లో చాలావాటికి 148. 142 అయితే కొన్ని హబ్బులకు (చక్రం మధ్యలో ఇరుసు ఉండే భాగం) చివరి మూతలు మార్చి సర్దుకోవచ్చు, 148 అయితే ఈరోజు కొన్న చక్రం రేపు గోడకు తగిలించుకోవాలి. అందుకే ఇస్తారా ఇవ్వరా, ఇస్తే వెనక సందు ఎంత, ఈ రెండే అడిగాను. సైకిలు తొక్కేవాళ్లందరూ డబ్బు ముందు ఫ్రేము మీద పెట్టాలా చక్రాల మీదా అని గంటలు గంటలు వాదించుకుంటారు. నాకు ఆ వాదన చేసే భాగ్యం కూడా లేకుండా చేశారు మీరు.

మీ మీద నాకేం పగ లేదు. 2020లో లాక్‌డౌన్ తర్వాత సైకిళ్లు దొరకని రోజుల్లో రెండు నెలలు ఎదురుచూసి మీదే కొన్నాను, సణగలేదు. నన్ను చూసి మా స్టాఫ్‌రూమ్‌లో నలుగురు మీ సైకిళ్లే కొన్నారు. జమ్మలమడుగు నుంచి గండికోటకు పోయినప్పుడు, పెన్నా లోయ అంచున నిలబెట్టి తీసిన ఫొటో ఇప్పటికీ నా వాట్సాప్ డీపీ. మీ పేరు కనిపించేలా తీశాను. దాన్ని నిన్న రాత్రి మార్చేశాను. ఇప్పుడు మా దేవుని కడప చెరువు ఉంది.

2020 నాటి ఈ-కామర్స్ నిబంధనలు నేనూ చదివాను. ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలో తేల్చాలి. మీరు నెల దాటించారు. వచ్చే సోమవారం దాకా చూస్తాను. ఆ తర్వాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేస్తాను, అక్కడా కాకపోతే మా జిల్లా వినియోగదారుల కమిషన్‌కు పోతాను. నా సైకిలు ఖరీదుకు అక్కడ ఫీజు కూడా కట్టక్కర్లేదు, లాయరూ అక్కర్లేదు. ఫొటోలు పద్నాలుగూ ప్రింటు తీయించి ఉంచాను. మా పాప ఫంక్షన్ వీడియో కూడా తెస్తాను, ఆ రోజు తాళం ఎక్కడుందో జడ్జిగారే చూస్తారు.

ఫోన్ చేసేవాళ్లు సాయంత్రం అయిదు తర్వాత చేయండి, బడి ఉంటుంది. ఇంజన్ నంబర్ అడిగే అబ్బాయి చేత మాత్రం చేయించకండి.

ఇట్లు,
మీ సైకిలును వరండాలో గోడకు ఆనించి, బడికి నడిచి పోతున్న ఒక లెక్కల టీచరు,
కడప.

తా.క. ఇది రాస్తుండగానే మీ మార్కెటింగ్ వాళ్ల మెసేజ్ వచ్చింది, కొత్త చక్రాల ఆఫరు రేపటితో అయిపోతుందట. ఆ నంబరుకు ఫోన్ చేస్తే రెండో రింగుకే ఎత్తారు. వెనక హబ్బు ఎంతమ్మా అంటే టక్కున 148 అని చెప్పింది. ఆ అమ్మాయిని కస్టమర్ కేర్‌లో కూర్చోబెట్టండి.