ఆ మీటింగులో మాకూ ఒక కుర్చీ వేయించండి, మంత్రి గారూ

గౌరవనీయులైన రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

శ్రీకాకుళం జిల్లా నుంచి ఒక రిటైర్డ్ స్టాఫ్ నర్సు నమస్కరించి రాసుకుంటున్న ఉత్తరం.

ముప్పై ఏళ్లకు పైగా ఆసుపత్రుల్లో పనిచేశాను. చివరి కొన్నేళ్లు డయాలసిస్ రోగుల మధ్యే గడిచాయి. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఇలాంటి ఉత్తరం రాసే ధైర్యం చేయలేదు. మాకు 1964 నాటి ప్రవర్తనా నియమాలున్నాయి. ఉద్యోగి పార్టీల వెంట తిరగకూడదనడం న్యాయమే, దాన్ని తప్పుపట్టను. కానీ వార్డులో కళ్లారా చూసింది పైకి చెప్పినా ఆ లెక్కలోకే వస్తుందేమో, మెమో ఇస్తారేమో అని నోరు కట్టుకుని బతికాం. ఇప్పుడు ఆ టెన్షన్ లేదు కాబట్టి, ఆసుపత్రుల గురించి నిర్ణయాలు తీసుకునే చోట మాలాంటి కింది సిబ్బంది మాటకూ చోటివ్వమని అడగడానికి రాస్తున్నాను.

ఒక్క సంగతి చెబుతాను. మా దగ్గరకు వజ్రపుకొత్తూరు మండలం నుంచి ఒకామె వచ్చేది. జీడిపిక్కలు ఒలిచే పని చేసిన మనిషి. పని మానేసి ఏళ్లయినా వేళ్ల కొసల్లో ఆ నలుపు పోలేదు. సూది గుచ్చే ముందు ఆమె ఎడమచేతి ఫిస్టులా (డయాలసిస్ కోసం ఆపరేషన్ చేసి కలిపిన రక్తనాళం) మీద వేళ్లు ఆనిస్తే లోపల రక్తం జుమ్మని పారడం తెలిసేది. మిషను మీద నాలుగు గంటలు. ఆమెది మూడో షిఫ్టు. దిగేసరికి రాత్రి అయ్యేది, బీపీ పడిపోయి కళ్లు తిరిగేవి. గోడ పట్టుకుని నిలబడి, "సిస్టరమ్మా, ఆకరి బస్సు ఎలిపోనాది, ఏటి సేత్తాను" అనేది. ఆటోకి డబ్బులుంటే ఆటో, లేకపోతే వరండాలో దుప్పటి పరుచుకుని తెల్లారేదాకా పడుకోవడం. వారానికి మూడుసార్లు ఇదే.

దూరపు ఊళ్ల వాళ్లను మొదటి షిఫ్టులోకి మార్చడం మా చేతిలో పని, అది చేశాం. అయినా కొందరు మిగిలిపోయారు. రాత్రి పూట ఒక్క బస్సు వేయించమని కాగితం రాసిచ్చాను. అది మా పరిధి కాదు, ఆర్టీసీ వాళ్లదన్నారు. డిపోకి వెళ్లి అడిగితే ఆసుపత్రి నుంచి లెటరు రావాలన్నారు. అయ్యా, ఈ రెండు శాఖల అధికారులూ జిల్లా సమీక్షలో పక్కపక్కనే కూర్చుంటారు. ఆ గదిలో ఆ వరండా చూసిన మనిషి ఒక్కరుంటే రెండు నిమిషాల్లో తేలిపోయే పని అది.

కిడ్నీ జబ్బులతో పేరుపడ్డ మా ఉద్దానం ప్రాంతం కథంతా ఇదే కదా. కవిటి, సోంపేట, కంచిలి, మందస వైపు కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లు లెక్కకు మించి వస్తున్నారని ముందుగా గుర్తుపట్టింది ఈ ప్రాంతంలో ప్రాక్టీసు చేసే డాక్టర్లే. అది రెండు దశాబ్దాల కిందటి మాట. పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం తెరుచుకున్నది 2023 డిసెంబరులో. హిరమండలం రిజర్వాయరు నుంచి ఉద్దానానికి తాగునీళ్లు వచ్చిందీ అప్పుడే. డయాలసిస్ రోగులకు నెలకు 10,000 పింఛను వస్తోంది. ఇవన్నీ మేలు చేసిన పనులే, ఏ ప్రభుత్వం చేసినా దండం పెడతాను. కానీ మొదట చూసినవాళ్ల మాట సచివాలయం చేరడానికి పట్టిన ఆ ఏళ్లలో ఎన్ని ఇళ్లల్లో దీపాలు ఆరిపోయాయో మా ఊళ్ల వాళ్లను అడగండి.

వైద్యం తెలిసినవాళ్లు పాలనలోకి రావడం కొత్తేమీ కాదు. డాక్టరు చదువు చదివిన రాజశేఖరరెడ్డి గారి హయాంలోనే 2005లో 108, 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాయి. మా పలాస నుంచి కూడా ఒక డాక్టరు గెలిచి మంత్రి అయ్యారు. అయితే అందరూ ఎన్నికల్లో నిలబడలేరు. నర్సులు, ఏఎన్ఎంలు, ఆశాలు అసలే నిలబడలేరు. వాళ్లకు వేరే దారి కావాలి, ఆ దారి వేయడం మీ చేతిలో ఉంది.

ఆసుపత్రి అభివృద్ధి సంఘం మీటింగులో ఒక స్టాఫ్ నర్సు, ఒక ఏఎన్ఎం, ఒక ఆశా కార్యకర్త మాట్లాడే హక్కుతో కూర్చోవాలి. నేను పనిచేసిన ఒకచోట రిజిస్టర్లు అందించడానికి తప్ప మమ్మల్ని లోపలికి పిలిచింది లేదు. కొత్త యాప్ గానీ కొత్త జీవో గానీ తెచ్చేముందు ముసాయిదాను ఒక నెల పాటు కింది స్థాయి సిబ్బందికి చూపించండి. డ్యూటీలో చూసిన లోపాన్ని రాసి పంపితే క్రమశిక్షణ చర్య ఉండదని ఒక్క సర్క్యులర్ ఇవ్వండి. నాకన్నీ అక్కర్లేదు, ఈ సర్క్యులర్ ఒక్కటి వచ్చినా చాలా నోళ్లు తెరుచుకుంటాయి.

మరొకటి. శాసనమండలిలో 58 స్థానాలుంటే 8 మందిని గవర్నరు గారు నామినేట్ చేస్తారు. రాజ్యాంగం 171వ అధికరణలో సాహిత్యం, శాస్త్రం, కళలు, సహకారోద్యమంతో పాటు సంఘసేవ అనే మాట కూడా ఉంది. మన్యంలో డోలీ వెంట కొండ దిగిన ఏఎన్ఎం చేసింది సంఘసేవ కాదా? మంత్రివర్గం పేర్లు పంపేటప్పుడు అలాంటి మనిషి పేరు ఒక్కటి తలుచుకోండి.

ఇక్కడ నా తోటి ఉద్యోగులకూ ఒక మాట. బీఎస్సీ నర్సింగ్, ఎంబీబీఎస్, బీఫార్మసీ పాసై మూడేళ్లు దాటిన ప్రతి ఒక్కరూ పట్టభద్రుల నియోజకవర్గంలో ఓటరు కావచ్చు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం కలిపి మనకు శాసనమండలిలో ఒక పట్టభద్రుల స్థానం ఉంది, 2023 మార్చిలో ఎన్నిక జరిగింది. ప్రతిసారీ జాబితా కొత్తగా తయారవుతుంది, ఫారం 18 మళ్లీ నింపాలి. నైట్ డ్యూటీల గొడవలో పడి అప్పట్లో నేనే ఒకసారి వదిలేశాను, ఇప్పటికీ బాధగా ఉంది. మీరు వదలకండి.

మంత్రి గారూ, ఈసారి మా జిల్లాకు వచ్చినప్పుడు పగలు కాకుండా మూడో షిఫ్టు ముగిసే వేళకు ఏదైనా డయాలసిస్ యూనిట్‌కు రండి. ముందుగా ఎవరికీ చెప్పకుండా రండి. వరండాలో ఎవరైనా పడుకుని ఉంటే వాళ్లనీ, డ్యూటీలో ఉన్న సిస్టరునీ కాసేపు కూర్చోబెట్టుకుని మాట్లాడండి.

ఇట్లు,
ఒక విశ్రాంత స్టాఫ్ నర్సు,
శ్రీకాకుళం జిల్లా