మొదటి వార్మింట్ రైఫిల్‌కు పొంతన లేని తూటాలు అమ్మడంపై ఫిర్యాదు

వినియోగదారుల సేవా విభాగం ముఖ్య అధికారి గారికి,

విషయం: కొత్త వేటగాళ్ళ కోసమని మీరు అమ్ముతున్న .223 రెమింగ్టన్ (ఒక రకం తూటా పేరు) రైఫిల్ సెట్టులోని తూటాలు ఆ రైఫిల్‌కు సరిపోకపోవడం, వాటిని వాపసు తీసుకోవడానికి మీ దుకాణం నిరాకరించడం గురించి.

అయ్యా,

ఈ వసంతకాలంలో టెక్సస్ హిల్ కంట్రీలోని మీ దుకాణంలో నేను నా మొదటి రైఫిల్ కొన్నాను. మేకల మందను కొయోటీల (నక్కను పోలిన అడవి జంతువుల) నుంచి కాపాడుకోవడానికి తగిన తుపాకీ, దానికి సరిపోయే తూటాలు ఇమ్మని అడిగినప్పుడు మీ కౌంటర్‌లోని ఉద్యోగి, వార్మింట్ వేటకు, అంటే మందలకూ పంటలకూ నష్టం చేసే జంతువుల వేటకు, కొత్తగా వచ్చేవారి కోసమే మీ సంస్థ సిద్ధం చేసిందంటూ రైఫిల్, స్కోప్, రెండు రకాల తూటాలు కలిసిన ఒక సెట్టును చేతిలో పెట్టారు. ఆ రెండు రకాల్లో ఒకటి ఆ రైఫిల్ నుంచి తిన్నగా పోలేనిది. రెండోదాన్ని ఆ రైఫిల్‌లో పేల్చడమే అపాయం. అదే సెట్టు నేటికీ మీ దుకాణంలో అమ్మకానికి ఉంది కనుక, నా డబ్బు సంగతి ఎలా ఉన్నా, ఈ విషయం మీ దృష్టికి తేవడం నా బాధ్యతగా భావించి రాస్తున్నాను.

నా అవసరాన్ని మీ ఉద్యోగికి నేను స్పష్టంగానే చెప్పాను. మాకున్నది కొద్దిపాటి సున్నపురాతి నేల. మేకలు ఈనే రోజుల్లో కొయోటీలు దొడ్డి దాకా వచ్చి పిల్లలను నోట కరచుకుపోతున్నాయి. దొడ్డి నుంచి కంచె దాకా 100 గజాలు, బాగా తెరపిగా ఉన్న వైపు చూసినా 200 గజాలకు మించదు. ఆ దూరంలో సుమారు 15 కిలోల జంతువును ఒక్క దెబ్బతో, బాధ పెట్టకుండా చంపగల తుపాకీ కావాలన్నాను. .22 లాంగ్ రైఫిల్ తూటా ఉడుతలకూ కుందేళ్ళకూ చాలుతుంది గానీ ఆ దూరంలో కొయోటీకి చాలదని, 2002లో వచ్చిన .17 హెచ్‌ఎంఆర్ తూటాలోని 17 గ్రెయిన్ల (ఒక గ్రాముకు కాస్త ఎక్కువ బరువు) గుండు గాలికి పక్కకు కొట్టుకుపోతుందని, .22-250 రెమింగ్టన్ ఎంత వేగమైనదైనా తూటా ఖరీదెక్కువ, బ్యారెల్ కూడా త్వరగా అరుగుతుందని మీ ఉద్యోగి వివరించారు. .223 రెమింగ్టన్ తీసుకోమన్న ఆయన సలహాలో నాకు ఏ లోపమూ కనిపించలేదు, ఇప్పటికీ కనిపించడం లేదు. వెనక్కి తన్నడం తక్కువ, తూటాలు ఎక్కడైనా దొరుకుతాయి, 55 గ్రెయిన్ల గుండు సెకనుకు 3,000 అడుగులు దాటిన వేగంతో బయలుదేరుతుంది. తొలి రైఫిల్‌కు అంతకన్నా ఏం కావాలి? లోపమంతా ఆ తర్వాత తూటాల ఎంపికలో జరిగింది.

కాగితాల విషయంలో మీ వాళ్ళు చూపిన శ్రద్ధను కూడా చెప్పాలి. నాకు గ్రీన్ కార్డు ఉంది. నాతో వచ్చిన మిత్రుడు హెచ్-1బి వీసా మీద ఉన్నవాడు కావడంతో, అటువంటి వీసాదారులు వేట లైసెన్సు వంటి మినహాయింపు ఏదీ లేకుండా తుపాకీ దగ్గర ఉంచుకోవడానికి ఫెడరల్ చట్టం ఒప్పుకోదని అతనికి మర్యాదగా చెప్పారు. తుపాకీ కొనేటప్పుడు నింపే ఫెడరల్ ఫారం 4473లో నేను నింపిన ప్రతి గడినీ మళ్ళీ సరిచూసి, నేపథ్య తనిఖీ పూర్తయ్యాకే రైఫిల్ అందించారు. ఆ శ్రద్ధలో పదో వంతు, పెట్టె మీద అచ్చువేసినదాన్ని బ్యారెల్ మీద చెక్కినదానితో పోల్చి చూడడానికి పెట్టి ఉంటే ఈ లేఖ అవసరమయ్యేది కాదు.

మీరు అమ్మిన రైఫిల్ ట్విస్ట్ 12 అంగుళాలకు ఒకటి. అంటే బ్యారెల్ లోపలి మెలికల గాడుల వెంట 12 అంగుళాలు ప్రయాణిస్తే గుండు ఒక చుట్టు తిరుగుతుంది. 40 నుంచి 55 గ్రెయిన్ల పొట్టి గుండ్లకు ఆ చుట్టు చక్కగా సరిపోతుంది. మీరిచ్చిన మొదటి పెట్టెలో ఉన్నవి మాత్రం 77 గ్రెయిన్ల మ్యాచ్ (గురి పోటీలకు చేసిన) గుండ్లు. 55 గ్రెయిన్ల మామూలు గుండు ముప్పాతిక అంగుళం పొడవుంటే ఇది దాదాపు అంగుళం ఉంటుంది. పొడవు పెరిగేకొద్దీ గుండు తూలిపోకుండా ఉండడానికి ఇంకా వేగంగా తిరగాలి కాబట్టి దీనికి 8 అంగుళాలకో 7 అంగుళాలకో ఒక చుట్టు తిప్పే బ్యారెల్ కావాలి. బరువైన గుండు దూరం బాగా పోతుందన్న ఒక్క మాటతో మీ ఉద్యోగి వాటిని నాకు అంటగట్టారు. స్కోప్ సరిచేసుకోవడానికి షూటింగ్ రేంజికి వెళ్ళి 50 గజాల్లో టార్గెట్ పెట్టి పేల్చినప్పుడు, కాగితం మీద పడిన రంధ్రాలు గుండ్రంగా లేవు. ఒకటి నిలువునా చీలినట్టు ఉంది. దాని పక్కనే గుండు అడ్డం తిరిగి తగిలిన చోట, మొన నుంచి అడుగు దాకా దాని ఆకారం మొత్తం కత్తిరించినట్టు కాగితంలో దిగింది, అంచు వెంట బూడిదరంగు మరకతో సహా. మిగిలినవి కొన్ని కాగితానికే తగలలేదు. 50 గజాల్లోనే అడ్డంగా పడే గుండు 200 గజాల్లో ఎటు పోతుందో, ఆ వైపు ఎవరి ఇల్లు ఉందో ఎవరు చెప్పగలరు?

రెండో పెట్టె సంగతి ఇంతకంటే తీవ్రమైనది. 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవారు టెక్సస్‌లో వేటాడాలంటే హంటర్ ఎడ్యుకేషన్ పూర్తి చేయాలన్న నియమం మీకు తెలిసిందే. బ్యారెల్ మీది పేరూ తూటా మీది పేరూ ఒకటేనో కాదో చూసుకోమని ఆ తరగతిలో నాకు నేర్పారు కనుకనే, బ్యారెల్ మీద .223 రెమ్ అని ఉండగా పెట్టె మీద 5.56 నాటో అని ఎందుకుందని కౌంటర్ దగ్గరే అడిగాను. రెండూ ఒకటేనని, రెండోది సైన్యం వాడే పేరు మాత్రమేనని, పైగా చవకని సమాధానం వచ్చింది. పైకి చూస్తే ఆ రెండు తూటాలూ కవల పిల్లల్లా ఉంటాయి, నిజమే. కానీ 5.56 తూటాలో ఒత్తిడి ఎక్కువ ఉండవచ్చు, దాని కోసం చేసిన చాంబర్‌లో (బ్యారెల్ మొదట్లో తూటా కూర్చునే గదిలో) గుండు గాడులను తాకే ముందు ఉండే ఖాళీ కూడా ఎక్కువ. ఆ ఖాళీ తక్కువగా ఉండే .223 చాంబర్‌లో దాన్ని పేలిస్తే ఒత్తిడి హద్దు దాటే అవకాశం ఉంది. 1926 నుంచి అమెరికాలో తుపాకులకూ తూటాలకూ ప్రమాణాలు నిర్దేశిస్తున్న సామీ సంస్థ ఈ కలయికను సురక్షితం కాని వాటి జాబితాలోనే చేర్చింది. .223 తూటాను 5.56 చాంబర్‌లో పేల్చవచ్చు, తిరగేసి చేయకూడదు. ఈ సంగతి తుపాకులు అమ్మేవారికి తెలిసి తీరాలి.

రేంజిలో ఆ తూటా పేల్చాక, తూటా వెనక మూసే బోల్ట్ పిడి పైకి లేవలేదు, అరచేత్తో కొట్టి తెరవవలసి వచ్చింది. బయటికి వచ్చిన ఇత్తడి కేసు అడుగున, మందును అంటించే చిన్న మూత అయిన ప్రైమర్ గుండ్రని అంచులు పోయి రేకులా చదునైంది. దాని పక్కన, కేసును బయటికి తోసే ఎజెక్టర్ రంధ్రంలోకి ఇత్తడి ఒత్తుకుపోయిన చోట చిన్న మెరుపు మచ్చ పడింది. ఇవన్నీ ఒత్తిడి మితిమీరిందనడానికి గుర్తులు. రేంజి అధికారి దాన్ని వేళ్ళ మధ్య తిప్పి చూసి, ఆ పెట్టె అక్కడికక్కడే మూసేయమన్నారు. ఆయన అక్కడ లేకపోయి ఉంటే నేను ఇంకా ఎన్ని పేల్చేవాడినో.

ఇక ఆ తూటాలు ఒత్తిడి పరంగా సరిపోయినా వార్మింట్ వేటకు పనికిరావు. అవి ఆకుపచ్చ మొనతో, లోపల ఉక్కు ముక్కతో వచ్చే 62 గ్రెయిన్ల సైనిక గుండ్లు. ఈ గుండు వాడుకలోకి వచ్చినప్పుడు అమెరికా సైన్యం 12 అంగుళాల ట్విస్ట్‌ను వదిలి ఎం16ఏ2 రైఫిల్‌కు 7 అంగుళాల ట్విస్ట్ పెట్టుకుంది, అంటే ఇక్కడా అదే పొంతన లేనితనం. వార్మింట్ గుండుకు పలుచని తొడుగు, ప్లాస్టిక్ మొనో బోలు మొనో ఉంటుంది. తగలగానే ముక్కలైపోయి జంతువును అక్కడికక్కడే పడేస్తుంది, గురి తప్పి నేలకు తగిలినా చాలామటుకు చిట్లిపోతుంది. గట్టి తొడుగున్న గుండు జంతువులోంచి సూదిలా దూసుకుపోతే అది పరుగెత్తి ఏ పొదలోనో గంటల తరబడి యాతన పడి చస్తుంది. మాది సున్నపురాయి తేలిన నేల, ఆవలి కంచె దాటితే పొరుగువారి గుర్రాలున్నాయి. రాతికి తగిలి గుండు ఎగిరిపోతే జరిగేది తలచుకోవడానికే భయంగా ఉంది. నేను నేల స్వభావాన్ని చెప్పినప్పుడే ఈ హెచ్చరిక మీ వైపు నుంచి రావలసింది.

టార్గెట్ కాగితం, ఆ ఇత్తడి కేసు చేత్తో పట్టుకుని మీ దుకాణానికి వెళ్తే, తూటాలు ఒకసారి గడప దాటాక వాపసు తీసుకోరాదని, పేల్చిన రైఫిల్‌ను మార్చడం కుదరదని మేనేజరు చెప్పారు. తెరవని తూటా పెట్టెలను సైతం భద్రత దృష్ట్యా వెనక్కి తీసుకోరన్న నియమాన్ని నేను అర్థం చేసుకోగలను. కానీ తప్పుడు తూటాలను మీరే ఎంచి ఇచ్చినప్పుడు ఆ నియమం వెనక దాక్కోవడం న్యాయం కాదు. ఆయన ఆ కేసును చేతిలోకి తీసుకుని చూడను కూడా లేదు.

ఇక్కడ పుట్టి పెరిగినవారికి ఈ సంగతులు తండ్రో తాతో చెబుతారు. మావంటివారికి ఆ అవకాశం లేదు. చిత్తూరు జిల్లాలో వేరుశనగ చేలను పందుల నుంచి కాపాడుకోవడానికి డబ్బాలు మోగిస్తూ రాత్రంతా మంచె మీద కూర్చున్న కుటుంబం మాది. ఇంట్లో తుపాకీ ఉండడం ఎరగం. ఆస్టిన్ చుట్టుపక్కల మేకలు, కోళ్ళు పెంచుకుంటున్న తెలుగు కుటుంబాలు చాలావరకు ఇటువంటివే, వారిలో పలువురు మీ దుకాణానికే వస్తారు. మీ కౌంటర్‌లో విన్న మాటే వారికి మొదటి పాఠం. వారికీ తెలియాలనే ఈ లేఖను తెలుగులో రాసి, మీ కోసం ఆంగ్ల ప్రతిని జతపరిచాను.

రెండు రకాల తూటాలకూ చెల్లించిన సొమ్ము వాపసు ఇచ్చి, రైఫిల్‌ను మీ ఖర్చుతో అర్హుడైన గన్‌స్మిత్ (తుపాకులు బాగుచేసే నిపుణుడు) చేత చాంబర్, బోల్ట్ సహా పరీక్ష చేయించి లిఖితపూర్వక నివేదిక ఇప్పించవలసిందిగా కోరుతున్నాను. లోపం తేలితే అదే ధరలో 9 లేదా 8 అంగుళాల ట్విస్ట్ ఉన్న రైఫిల్ ఇవ్వాలి. అన్నిటికంటే ముందు చేయవలసింది ఆ సెట్టు అమ్మకాన్ని ఆపడం, ఇప్పటికే కొన్నవారందరికీ ఫోన్ చేసి 5.56 పెట్టెను వాడవద్దని చెప్పడం. వారి వివరాలు మీ రికార్డుల్లో ఉన్నాయి కాబట్టి దీనికి వారం కూడా పట్టదు. ధర చీటీ మీద ట్విస్ట్, చాంబర్ రెండూ పెద్ద అక్షరాల్లో రాయించండి.

టెక్సస్ మోసపూరిత వాణిజ్య పద్ధతుల చట్టం కింద దావాకు 60 రోజుల ముందు ఇవ్వవలసిన నోటీసుగా కూడా ఈ లేఖను పరిగణించగలరు. టార్గెట్ కాగితం, కేసు అడుగు భాగం, బ్యారెల్ మీది చెక్కడం, రెండు పెట్టెల ఫొటోలు, రసీదు నకలు దీనితో పంపుతున్నాను. అసలు కేసు, కాగితం నా దగ్గరే భద్రంగా ఉన్నాయి. రైఫిల్ బోల్ట్ తీసి విడిగా తాళం వేసి ఉంచాను. గన్‌స్మిత్ దగ్గరికి ఏ రోజు తీసుకురావాలో తెలియజేయగలరు.

భవదీయుడు,
మీ వినియోగదారుడు