అచ్చు కుదిరాకే మిగతా లెక్కలు

విజయవాడ

చిరంజీవి బుజ్జికి అమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

వేదిక మీద పాడుతూ నీ గొంతునూ వాద్యాలనూ వినడానికి చెవిలో పెట్టుకునే, నీ చెవి ఆకారానికే చేయించుకునే ఇయర్‌ఫోన్లు, అంటే కస్టమ్ ఇన్-ఇయర్ మానిటర్లు మూడింటి వివరాలు నువ్వు పంపినవి శ్రద్ధగా చదివాను. లక్ష దాటే వస్తువును, అదీ నీ చెవులకు తప్ప ఇంకెవరి చెవులకూ పనికిరాని వస్తువును కొనేముందు నన్ను అడగాలని నీకు తోచినందుకు సంతోషంగా ఉంది. అయితే నీ ఉత్తరం నిండా ఏ మోడల్లో ఎన్ని డ్రైవర్లు (శబ్దం పుట్టించే బుల్లి స్పీకర్లు) ఉన్నాయన్న లెక్కే కనిపించింది గానీ, చెవి అచ్చు ఎవరిచేత, ఎలా తీయించుకుంటావన్న మాట ఎక్కడా లేదు. సూర్యారావుపేటలో ఇన్నేళ్లుగా వినికిడి యంత్రాలకు అచ్చులు తీస్తున్నదాన్ని కాబట్టి ముందుగా ఆ సంగతే చెబుతాను. ఆది జాకెట్టు తప్పుగా ఇచ్చి దర్జీని అని లాభం లేనట్టే, అచ్చు సరిగా లేకపోతే ఎంత పేరున్న కంపెనీ అయినా నీకు మంచి మానిటర్ చేసి ఇవ్వలేదు.

పెద్దవాళ్లలో చెవి నాళం సుమారు 2.5 సెంటీమీటర్ల పొడవుంటుంది. అది తిన్నగా పోదు. కర్ణభేరిని చేరేలోపు రెండుచోట్ల వంపు తిరుగుతుంది. స్టేజి మీద వాడే మానిటర్‌కు అచ్చు ఆ రెండో వంపు దాటి తీరాలి. ముందు ఆటోస్కోపుతో లోపలికి చూసి, గులిమి ఉంటే శుభ్రం చేయించి, దారం కట్టిన చిన్న స్పాంజి ముక్కను రెండో వంపు అవతల ఆనించాలి. సిలికాన్ కర్ణభేరి దాకా పోకుండా ఆపేది ఆ ముక్కే. తరవాత సిలికాన్ కలిపి, సిరంజి కొన ఆ ముద్దలోనే మునిగి ఉండేట్టు చూసుకుంటూ, లోపలి నుంచి బయటికి నెమ్మదిగా నింపుకు రావాలి. కొన ఒక్కసారి పైకి తేలినా గాలి చిక్కుకుంటుంది, అచ్చు మీద అక్కడ గుంట పడుతుంది. గట్టిపడిన అచ్చును బయటికి తీశాక రెండు వంపులూ స్పష్టంగా కనబడుతున్నాయా, అంచులు నునుపుగా ఉన్నాయా అని నువ్వే చేతిలోకి తీసుకుని చూడాలి. గుంటలున్న అచ్చును మైనంతో సరిచేసి పంపుతామని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు, మళ్లీ తీయమని అడుగు.

పాడేవాళ్ల విషయంలో దీనికి మించిన సంగతి ఇంకొకటి ఉంది. చెవి ముందు భాగంలో వేలు ఆనించి నోరు బాగా తెరిచి చూడు, కింది దవడ కీలు ముందుకు జారడం వేలికి తెలుస్తుంది. ఆ కీలు నాళం ముందుగోడకు ఆనుకునే ఉంటుంది కాబట్టి, దవడ కదిలినప్పుడల్లా నాళం ఆకారమూ కొద్దిగా మారుతుంది. నోరు మూసుకుని తీయించుకున్న అచ్చుతో చేసిన మానిటర్ ఇంట్లో కూర్చుని పాటలు వింటున్నంతసేపూ బాగానే ఉంటుంది. వేదిక మీద తారస్థాయిలో అకారం తీసినప్పుడు మాత్రం పక్కన సన్నని సందు పడుతుంది. సందు పడగానే మొదట జారిపోయేది మంద్రం. బేస్ గిటారూ, మృదంగం తొప్పి నాదమూ, తంబురా కింది షడ్జమూ పలచబడిపోతాయి. నువ్వు బేస్ చాలడం లేదని సౌండ్ ఇంజినీరుకు సైగ చేస్తావు, ఆయన పెంచుతాడు, పల్లవి ముగించి నోరు మూయగానే అదే బేస్ చెవిలో హోరెత్తుతుంది. అందుకే అచ్చు తీసేటప్పుడు పళ్ల మధ్య బైట్ బ్లాక్ అనే చిన్న దిమ్మ పెట్టి, సిలికాన్ గట్టిపడేదాకా నోరు తెరిచి ఉంచాలి. ఆ కాసేపూ మాట్లాడకూడదు, గుటక వేయడం కూడా వీలైనంత తగ్గించాలి.

అచ్చు లోతుగా ఉండాలనడానికి మరో కారణం నీ గొంతే. రెండు చెవులూ వేళ్లతో మూసుకుని 'ఊ' అని పలికి చూడు, నీ గొంతు నీకే గుమ్మటంలో మోగినట్టు వినిపిస్తుంది. నాళం బయటి భాగంలో ఉండే మృదులాస్థి కంపించి పుట్టించే మోత అది. మానిటర్ కొన లోపలి ఎముక భాగం దాకా చేరి బిగువుగా కూర్చుంటే ఆ మోత బాగా తగ్గుతుంది. నీ జాబితాలోని 64 ఆడియో కంపెనీ వారి మానిటర్లలో ఉండే ఏపెక్స్ మాడ్యూళ్లు అనే చిన్న ముక్కలు మూసిన చెవిలోని గాలి ఒత్తిడిని బయటికి వదులుతాయి. వాటిలో ఎమ్20 రకం పెడితే బయటి శబ్దం సుమారు 20 డెసిబెల్స్, ఎమ్15 పెడితే సుమారు 15 డెసిబెల్స్ తగ్గుతుంది. చెవులు దిబ్బెడ వేసినట్టుందని తరచూ అనే నీకు ఈ ఏర్పాటు పనికొస్తుందని నా నమ్మకం.

ఇక డ్రైవర్ల లెక్క. చాలా మానిటర్లలో వాడే బ్యాలెన్స్‌డ్ ఆర్మేచర్ అనే బుల్లి డ్రైవరు మా వినికిడి యంత్రాల రంగం నుంచి వచ్చినదే. 1995లో జెరీ హార్వీ అనే సౌండ్ ఇంజినీరు డ్రమ్మర్ అలెక్స్ వాన్ హేలెన్ కోసం మానిటర్లు తయారుచేస్తూ అల్టిమేట్ ఇయర్స్ అనే కంపెనీని ప్రారంభించాడు. అంతకు ముందే, 1991లో, ఎటిమోటిక్ రీసెర్చ్ కంపెనీ తెచ్చిన ఈఆర్-4 ఇయర్‌ఫోన్‌లో చెవికి ఒక్కటే ఆర్మేచర్. స్పష్టతకు దాన్ని ఇప్పటికీ ఉదాహరణగా చూపుతారు. డ్రైవర్లు పెరిగేకొద్దీ మంద్రం, మధ్యమం, తారం వాటి మధ్య పంచే క్రాసోవర్ కూడా అంత నేర్పుగా కుదరాలి. కుదరకపోతే ఒక డ్రైవరు నుంచి మరో డ్రైవరుకు స్వరం దాటే చోట గొంతు రంగు మారుతుంది. మంద్రానికి మామూలు స్పీకరులా పనిచేసే డైనమిక్ డ్రైవరు, పైభాగానికి ఆర్మేచర్లు ఉన్న హైబ్రిడ్ రకంలో మృదంగం, తబలా నిండుగా వినిపిస్తాయి. నీ ముగ్గురు వాద్యకారులతో పాడడానికి నాకు అదే నచ్చుతుంది.

షోరూములో వినిపించేది రబ్బరు టిప్పులున్న మామూలు నమూనా అని గుర్తుపెట్టుకో. చెవిలో అది నిలిచే లోతు వేరు కాబట్టి పై స్థాయి శబ్దాల్లోని పదును కస్టమ్‌లో అచ్చం అలాగే రాదు. నీకు బాగా తెలిసిన రికార్డింగులు, ముఖ్యంగా నీ గొంతువే, వెంట తీసుకెళ్లి తక్కువ వాల్యూములో విను. నీ స్టేజి వైర్‌లెస్ రిసీవరుకు తగిలించి, ఏ పాటా లేనప్పుడు బుస్సుమన్న శబ్దం వస్తోందేమో కూడా చూడు. సున్నితమైన మానిటర్లలో ఆ బుస కొట్టొచ్చినట్టు వినిపిస్తుంది.

తయారీ గురించి నువ్వు ఒక్క వాక్యమే రాశావు, నేను కొంచెం ఎక్కువే రాస్తాను. సెన్సఫోనిక్స్ వంటి వారు చేసే మెత్తని సిలికాన్ షెల్ (మానిటర్ పైగుల్ల) దవడతోపాటు వంగుతుంది, సందు పడదు, కానీ మరమ్మతు కష్టం. ఆక్రిలిక్ గట్టిది, ఎక్కడైనా ఒరుసుకుంటే అరగదీసి, అవసరమైతే పైన పూత పోసి సరిచేయవచ్చు. నోరు తెరిచి తీసిన మంచి అచ్చు ఉన్నప్పుడు నా ఓటు ఆక్రిలిక్‌కే. పెట్టె తెరవగానే షెల్‌ను వెలుతురుకు ఎత్తిపట్టి బుడగలున్నాయేమో, ముఖపలక (బయటివైపు మూత) అతికిన చోట గోటికి అంచు తగులుతోందేమో చూడు. మన ఎండల్లో, దసరా పందిళ్లలో, లైట్ల కింద ముందుగా దెబ్బతినేది కేబుల్ తగిలించే చోటు. చెమట చేరి రెండు పిన్నుల చుట్టూ పచ్చటి చిలుము పడుతుంది. కాబట్టి కేబుల్ విడిగా మార్చుకునే వీలుండాలి, 0.78 మిల్లీమీటర్ల రెండు పిన్నుల రకమైతే ఎక్కడైనా దొరుకుతుంది. కచేరీ కాగానే పొడిగుడ్డతో తుడిచి, గులిమి తీసే చిన్న వైరుతో మానిటర్‌లో శబ్దం వచ్చే గొట్టాల నోళ్లు శుభ్రం చేసి, సిలికా జెల్ ఉన్న డబ్బాలో పెట్టు. స్పిరిట్ ఆ గొట్టాల్లోకి వెళ్లనీయవద్దు.

వాల్యూము గురించి తల్లిగా కూడా చెబుతున్నాను. 85 డెసిబెల్స్ దగ్గర రోజుకు ఎనిమిది గంటలు హద్దు అనుకుంటే, ఆపైన పెరిగే ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగమవుతుంది. 100 దగ్గర పావుగంటే మిగులుతుంది. మానిటర్ బాగా కుదిరితే బయటి హోరు తగ్గి, తక్కువలోనే సరిపెట్టుకోవచ్చు. ప్రేక్షకులు వినబడడం లేదని ఒక చెవిది తీసేసి పాడే అలవాటు మాత్రం చేసుకోకు. రెండు చెవులా విన్నప్పటి నిండుదనం ఒక్క చెవితో రాదు గనుక, ఉన్న చెవిలో తెలియకుండానే పెంచుతూ పోతావు. ప్రేక్షకుల వైపు ఒక మైకు పెట్టి దాన్ని నీ మిక్సులో కలపమని ఇంజినీరును అడుగు.

ఆర్డరు ఇచ్చేముందు రీఫిట్ (చెవికి కుదరకపోతే సరిచేసి ఇవ్వడం) గడువు ఎన్ని రోజులో, వారంటీ ఎంతకాలమో, మరమ్మతుకు పంపితే రానూపోనూ సుంకం, కొరియరు ఖర్చు ఎవరిదో కంపెనీ నుంచి రాతపూర్వకంగా తెప్పించుకో. వస్తువు చేతికి రాగానే ఇంట్లో కాకుండా రిహార్సల్‌లో, నోరారా పాడుతూ పరీక్షించు. నొప్పి ఉన్నా, సందు పడుతున్నా అలవాటవుతుందిలే అని ఊరుకోకుండా గడువులోపే వెనక్కి పంపు.

అచ్చు నేనే తీస్తాను. వచ్చే నెల కళాక్షేత్రంలో నీ కార్యక్రమానికి ఎలాగూ వస్తున్నావు కదా, రెండు రోజులు ముందుగా రా. అంతవరకు చెవుల్లో బడ్స్ పెట్టి తిప్పవద్దు, గులిమి ఇంకా లోపలికి పోతుంది. జలుబుగా ఉంటే ముందే ఫోను చేసి చెప్పు, తగ్గాకే తీద్దాం. ఏ రైలుకు వస్తున్నావో తెలిస్తే ఆ పూట క్లినిక్‌లో వేరే అపాయింట్‌మెంట్లు పెట్టుకోను.

ఆశీస్సులతో,
అమ్మ